ఎరువు టైర్లు

అత్తయ్య ఇంటి కిటికీలోంచి చూస్తే చెరువు గట్టు మీద ఒంటరిగా ఒక కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. గురువారం పొద్దున ఆవిడకి ఆ చెట్టు మొదలు కనిపించడం మానేసింది. శుక్రవారానికి మాను సగం దాకా పోయింది. పైన తల ఒక్కటీ గాల్లో వేలాడుతోందట. ఈ సంగతి నాకు ఫోనులో చెబుతూ ఆవిడ నవ్వింది.

"ఎవడో కింద నుంచి నల్ల దుప్పటి కప్పుకుంటూ వత్తన్నాడే కోడలా. ఇంకా తల దాకా రాలేదులే."

నాకు నవ్వు రాలేదు. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో నిలబడి, ఆవిడని స్పీకర్‌లో పెట్టి, ఆవిడ మాట్లాడుతుండగానే వెతకడం మొదలుపెట్టాను. ఫోను చేతిలో లేకుండా నేను పక్క గదిలోకి కూడా వెళ్లను. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఫోనులో చూసి తర్వాత మనిషిని చూస్తాను. ఆ రోజు అందులో కనిపించింది చదివి కుర్చీలో కూలబడ్డాను. కంటి వెనకాల రెటీనా అని ఒక పొర ఉంటుంది. అత్తయ్య కంట్లో అది పాత గోడ మీద సున్నంలా పెచ్చులూడుతోంది. ఊడుతూ ఊడుతూ నడిమికి వచ్చిందంటే ఆ కన్ను ఇక మనుషుల మొహాలు గుర్తుపట్టదు.

అత్తయ్యకి ఉన్నది ఆ ఒక్క కన్నే. రెండోది చిన్నప్పుడు కొబ్బరిమట్ట గీరుకుని పోయింది.

ఆవిడ మా నాన్నకి అక్క. కోనసీమలో ఉప్పలగుప్తం అవతల ఆవిడకి రొయ్యల చెరువులున్నాయి. పిల్లల్లేరు. మావయ్య పోయాక చెరువులన్నీ ఆవిడే చూసుకుంటోంది. నీళ్లలోంచి మేత పళ్లెం పైకి లాగి, నాలుగు రొయ్యల్ని అరచేతిలో పెట్టుకుని, పేగు నిండిందో లేదో వెలుతురుకి పట్టి చూసి, చెరువు ఎలా ఉందో చెప్పేస్తుంది. ఆవిడ బతుకంతా అలా చూడటం మీదే నడుస్తోంది. ఆ ఇంట్లో ఒక్కతే ఉండే మనిషికి ఆ చూపు కూడా పోతే ఏం చేస్తుందో నాకు ఊహకి అందలేదు.

ఆ సాయంత్రమే పక్కింటివాళ్లు ఆటోలో తీసుకెళ్తే అమలాపురంలో కంటి డాక్టరు చూసి, ఇక్కడ కాదు, కాకినాడ తీసుకెళ్లమన్నారు. కాకినాడ ఆసుపత్రికి నేనే ఫోన్ చేశాను. శనివారం సాయంత్రం ఆరులోగా చేరిస్తే ఆదివారం పొద్దున్నే ఆపరేషన్ చేస్తామన్నారు.

"పడుకోబెట్టి తీసుకురండమ్మా. దారిలో కుదుపులు తగలనీయకండి. నడిమి పొర ఇంకా అంటుకుని ఉంటే మనకి అవకాశం ఉన్నట్టే," అన్నారు అక్కడి డాక్టరు.

కుదుపులు తగలనీయకండి. ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది.

ఆ రాత్రే నాన్న, అమ్మ, నేను మా కారులో బయలుదేరాం. జీపంత ఎత్తు, కారంత సుఖం అని చెప్పి నాన్న ముచ్చటపడి కొన్న క్రాసోవర్ అది. దాని టైర్లు అరిగిపోయాయి, మార్చండని నేను ఏడాదిగా మొత్తుకుంటున్నాను. వచ్చే సర్వీసింగ్‌కి చూద్దామంటూ నాన్న నెట్టుకొచ్చారు. శనివారం ఉదయం, అత్తయ్య ఇల్లు కనిపిస్తూనే ఉంది, గట్టు మీది మట్టిదారిలో వాననీళ్లు నిండిన గొయ్యి ఒకటి ముందు చక్రాన్ని మింగేసింది. పెద్ద చప్పుడు. దిగి చూస్తే టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె. లోపలి పోగులు తెగితే గాలి అలా పొంగుతుందని, ఏ నిమిషానైనా పగలొచ్చని ఫోను చెప్పింది. డిక్కీలోంచి స్టెప్నీ తీస్తే అందులో గాలే లేదు. మిగతా మూడు టైర్లూ వాడి వాడి పారేసిన చెప్పుల్లా నున్నగా ఉన్నాయి.

"చెప్పానా లేదా డాడీ? ఏడాది నుంచి చెప్తున్నానా లేదా?"

"అరవకు. అక్క వింటుంది."

"విననీ! ఆవిడకే కదా తెలియాలి, మనం ఎలాంటి బండి వేసుకొచ్చామో!"

టాక్సీల కోసం ఫోన్లు చేశాను. మంచి ముహూర్తాల రోజులు. కోనసీమలో ఉన్న ప్రతి కారూ ఏదో ఒక పెళ్లికి పోయింది. ఒకతను మాత్రం "ఆయ్, చూత్తానండి" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ 'ఆయ్'కి వస్తానని అర్థం కాదని, నువ్వు చెప్పింది విన్నానని మాత్రమేనని నాన్న చెప్పారు.

అంబులెన్స్ పిలుద్దామన్నాను. మంచం మీద వెల్లకిలా పడుకున్న అత్తయ్య తల కదపకుండా చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఆ బండి నాకొద్దు. మీ మావయ్య అందులోనే వెళ్లేరు. మళ్లీ రాలేదు."

ఇంకేం చేయాలి? ఆ బుడిపె టైరుతోనే పాక్కుంటూ అమలాపురం వెళ్లి, టైర్లు వేయించుకుని, వెనక్కొచ్చి ఆవిడని తీసుకెళ్లాలి. అమ్మ అత్తయ్య దగ్గర ఉండిపోయింది. నేనూ నాన్నా గుమ్మం దిగుతుంటే అత్తయ్య వెనక నుంచి పిలిచింది.

"ఒరే తమ్ముడూ, ఈవేళ శనివారం. ఏం కొంటాకెళ్తన్నావురా?"

"టైర్లక్కా."

"అందులో ఇనుమేవన్నా ఉంటాదా?"

నాన్న చెప్పులు వేసుకుంటూ ఒక్క క్షణం ఆగారు. "రబ్బరక్కా. రబ్బరుకి వారమేంటి?"

"అయితే వెళ్లిరా. ఇనప ముక్క మాత్రం గుమ్మంలోకి తేకు."

శనివారం ఇనుము కొనకూడదని మా ఇంట్లోనూ అంటారు. హైదరాబాద్ వెళ్లాక ఎవరూ పట్టించుకోలేదు. ఆ మాటలు నా చెవిన పడ్డాయి గానీ బుర్రలోకి ఎక్కలేదు. మా కారుకి ఏ సైజు టైర్లు సరిపోతాయో, వాటి గురించి ఎవరేం రాశారో అప్పటికే చదువుకుంటున్నాను.

అమలాపురంలో మా సైజు ఉందన్న షాపు ఒక్కటే దొరికింది. కాలవ పక్కన రేకుల షెడ్డు, బయట టైర్ల దొంతరలు. ఓనరు తెల్లచొక్కా, తెల్లపంచెతో టైర్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"రండి రండి. కాఫీ తాగుతారాండీ?"

"మాకు టైం లేదండి," అన్నాను.

"ఆయ్. కాఫీకి ఎంతసేపండి?"

నాన్న విషయమంతా చెప్పారు. ఆయన శ్రద్ధగా విని, బుడిపె మీద చెయ్యి వేసి, నాలుక చప్పరించి, రెండు రకాల టైర్లు ముందు పెట్టించాడు. ఒకటి బటన్ టైరు. పైన పెద్ద పెద్ద రబ్బరు గుబ్బలు, పక్కలు రాతిగోడలా ఉన్నాయి. రెండోది హైవే టైరు. పైన సన్నటి గీతలు, పక్కలు నొక్కితే కొంచెం లొంగుతున్నాయి.

"గట్టు మీదకెళ్లాలంటున్నారు కాబట్టి బటను టైరే వేయించుకోండి బాబుగారూ. గోతిలో పడ్డా దానికేం అవదండి. మెత్తది వేసేరనుకోండి, ఇందాకటి గోతిలోనే మళ్లీ బుడిపొచ్చేత్తాది. అప్పుడు మీ అక్కగారు బండిలో ఉంటారు."

నాన్న తలూపారు. నాకు తిక్క రేగింది.

"టైరుకేం అవదు, సరే. లోపల పడుకున్న మనిషికి? డాడీ, ఇది చూడండి. ఈ బటన్ టైర్లు వేయించినాయన రాశాడు, రోడ్డు మీద వక్కపలుకు ఉన్నా వెన్నులో తెలుస్తోందని."

"దారిలో టైరు పగిలితే ఆయనొచ్చి మోస్తాడా అక్కని?"

"కుదుపు తగిలితే పొర ఊడిపోతుంది!"

"మధ్యలో ఆగిపోతే ఆరు దాటిపోతుంది!"

ఇద్దరం చెప్పిందీ నిజమే. అందుకే నాకు ఏడుపొచ్చింది. అవతలివాళ్లది తప్పయితే అరిచి గెలవచ్చు. ఇక్కడ గట్టిది వేస్తే కన్నుకి ప్రమాదం, మెత్తది వేస్తే దారికి ప్రమాదం. ఓనరు మా ఇద్దరి మధ్యా నిలబడి, నేను అరిచినప్పుడు నాకు, నాన్న అరిచినప్పుడు నాన్నకి "ఆయ్, అదీ నిజమేనండి" అంటున్నాడు.

"మీరు ఎవరి వైపు మాట్లాడుతున్నారండీ?" అని ఆయన మీదికి వెళ్లాను.

"నాకు ఇద్దరూ కావాల్సినోళ్లేనండి. ఏ టైరైనా నాదే కదండి."

చివరికి నాన్న, "ఎక్కేది అక్క. అక్కనే అడుగుదాం," అన్నారు. నా ఫోనులోంచే చేసి స్పీకర్ పెట్టాను. అమ్మ ఎత్తి అత్తయ్య చెవి దగ్గర పెట్టింది.

"ఆ నల్ల దుప్పటి ఎక్కడి దాకా వచ్చింది అత్తయ్యా?"

"గెలలు పోయినాయే. మట్టలు మట్టుకు ఊగుతా కనపడతన్నాయి."

మధ్యాహ్నం కూడా కాలేదు. పొద్దున మేం బయల్దేరేటప్పటికి గెలలు ఉన్నాయి. ఇక ఆలస్యం చేయకూడదు, మెత్తటి టైరుకి ఆవిడ చేత సరే అనిపించాలి, అంతే.

"అత్తయ్యా, మెత్తటి టైరు వేయిద్దాం. నీకు గతుకు తెలీదు. డాడీ అది పగులుతుందంటున్నారు. పగలదు. దాని గురించి చదువుతా విను."

నాన్న నా భుజం పట్టుకున్నారు. నేను విదిలించుకున్నాను.

"విను. పైకి మెత్తగా ఉంటుంది గానీ లోపల రెండు వరసలు స్టీలు అల్లిక ఉంటుందట. అంచు చుట్టూ ఉక్కు తీగల చుట్ట. అంత ఉక్కు పెట్టాక ఎలా పగులుతుంది చెప్పు?"

ఫోను కట్టయిందేమోనని చూశాను. కాలేదు.

"ఒరే తమ్ముడూ," అంది అత్తయ్య మెల్లగా. "రబ్బరన్నావు."

"రబ్బరే అక్కా. లోపలేదో సన్న తీగ..."

"ఇనుమా కాదా?"

ఓనరే అందుకున్నాడు, తన సరుకు మీద మాట పడనివ్వకుండా. "ఉక్కేనండి అమ్మగారూ. మేలైన ఉక్కండి."

"అయితే నేనా బండెక్కను," అంది అత్తయ్య. ఈసారి నిజంగానే కట్టయింది.

నేను ఏమేం అన్నానో ఇప్పుడు రాయలేను. ఈ ఊళ్లు, ఈ వారాలు, ఈ మూఢనమ్మకాలు అంటూ మొదలుపెట్టి, మా వంశాన్నంతా కడిగేశాను. షాపులో పనివాళ్లు రెంచీలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాన్న ఒక టైరు మీద కూర్చున్నారు.

"మీ మావయ్య ఎలా పోయాడో నీకు తెలుసా?" అన్నారు.

"కరెంటు షాక్."

"ఏ వారం?"

నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు.

రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలకడానికి రెక్కల చక్రాల యంత్రం ఒకటి ఉంటుంది. అది ఆగితే రొయ్యలకి ఊపిరాడదు. అది కాలిపోయిందని మావయ్య శనివారం నాడే వెళ్లి కొత్తది తెచ్చారట. ఈవేళ వద్దని అత్తయ్య గుమ్మంలో అడ్డం నిలబడింది. ఇందులో ఇనుమెక్కడుంది, అంతా ప్లాస్టిక్కే కదా అని ఆయన నవ్వేసి లోపలికి తెచ్చుకున్నారు. మర్నాడు దాన్ని బిగించడానికి నీళ్లలోకి దిగారు.

"ఆయన ప్లాస్టిక్ అన్నాడు," అన్నారు నాన్న తలెత్తకుండా. "పొద్దున నేను రబ్బరన్నాను."

శనివారానికీ కరెంటు షాక్‌కీ సంబంధం లేదని చెప్పే పేజీలు ఎన్నైనా వెతకగలను. ఎవరికి చదివి వినిపించను? మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి బతిమాలాను. షాపు వాకిట్లో, రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ బతిమాలాను.

"నీ కన్ను పోతుంది అత్తయ్యా. రేపు నేను ఎదురుగా నిలబడినా కనపడను."

"నా కన్ను కోసం కాదే పిచ్చిదానా," అంది ఆవిడ. "బండిలో నేనొక్కదాన్నే ఉంటే ఎక్కేద్దును. మీ నాన్నుంటాడు, మీ అమ్ముంటాది, నువ్వుంటావు. ఒక్క కన్ను కోసం మీ ముగ్గుర్నీ ఆ ఇనుము మీద కూకోబెట్టనా?"

ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఆవిడ ఊపిరి వింటూ నిలబడ్డాను. కిటికీలో మట్టలు ఇంకా కనిపిస్తున్నాయా అని అడగడానికి కూడా భయం వేసింది.

ఆవిడే మళ్లీ అందుకుంది.

"ఒసే కోడలా, ఆ షాపాయన్ని ఎరువడగండి."

"ఏంటి?"

"ఎరువు. ఎరువియ్యమనండి."

నాలో మిగిలిన కాస్త ఓపికా అక్కడ తెగిపోయింది. "కన్ను పోతుంటే నీకిప్పుడు ఎరువు కావాలా అత్తయ్యా! చెరువులో ఎరువు ఎవరో ఒకరు చల్లుతారులే! టైర్ల షాపులో ఎరువులు అమ్ముతారా?"

నాన్న ఒక్కసారిగా లేచారు. ఆయన మొహం వింతగా అయిపోయింది. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు.

"ఆ ఎరువు కాదే! పక్కింట్లోంచి నిచ్చెనో గునపమో తెచ్చుకుని, పనయ్యాక ఇచ్చేస్తాం చూడు, దాన్ని ఎరువంటారు. మేం చిన్నప్పుడు అట్లకాడ దగ్గర్నుంచీ అన్నీ ఎరువే." ఫోను నా చేతిలోంచి లాక్కున్నారు. "ఎరువైతే ఎక్కుతావా అక్కా?"

"శనివారం ఇనుము కొనకూడదన్నారు గానీ ఎరువు తెచ్చుకోకూడదని ఎవరన్నార్రా? శనివారం గునపం కావాల్సొస్తే పక్కింటికెళ్లమా? ఈవేళకి ఎరువు. సోమారం కొనుక్కుందాం."

అంతా విన్న ఓనరు రెండు చేతులూ ఎత్తేశాడు. "ఏవండీ, టైర్లు ఎవరన్నా ఎరువిత్తారాండీ? నిచ్చెనంటే వాడినా నిచ్చెనేనండి. ఇది ఓసారి రోడ్డెక్కిందంటే పాతదేనండి."

"నేనిప్పుడే డబ్బు పంపేస్తాను," అన్నారు నాన్న.

"డబ్బిచ్చేవంటే కొన్నట్టేరా!" ఫోనులోంచి అత్తయ్య అరిచింది. "ఎవర్ని మోసం చేద్దామని? ఓ బాబూ, షాపు బాబూ, వింటన్నావా? సోమారం పొద్దున్నే మా తమ్ముడొచ్చి కొనుక్కుంటాడు. ఈవేళ మట్టుకు మాట మీద ఇయ్యి."

"ఆయ్," అన్నాడు ఓనరు. ఈసారి ఆ 'ఆయ్'కి అర్థం నాకు తెలుసు. ఆయన గెడ్డం గోక్కున్నాడు. "అలాగేనండి గానీ, మీ మొహాలు నేను ఈవేళే కదండీ చూడ్డం. ఎరువైనా ఏదో ఒకటి పెట్టెళ్లాలి కదండీ, నమ్మకానికి."

నాన్న వేలి ఉంగరం తీయబోయారు. పెళ్లినాటిది. కణుపు దాటి రాలేదు. ఆయన ఫోనుకి అద్దం పగిలి ఎప్పట్నుంచో టేపు అంటించి ఉంది. దాన్ని చూసి ఓనరు మొహమాటంగా పక్కకి చూశాడు. ఆ చూపు నా చేతి దగ్గర ఆగింది.

"కుదరదు," అన్నాను. "దారి ఇందులోనే చూడాలి. రిపోర్టు ఫొటోలు ఇందులోనే ఉన్నాయి. ఏదైనా అయితే ఏం చేయాలో నేను ఇందులోనే..."

"రిపోర్టులు కాయితాల మీదున్నాయి. కాకినాడ దారి నాకు తెలుసు," అన్నారు నాన్న.

"ఇచ్చెయ్యవే కోడలా," అంది అత్తయ్య, నేను ఇవ్వాల్సిన ఆ ఫోనులోంచే. "మెత్తటివే వేయించండి. కారు గట్టు మీదకి తేకండి, తారురోడ్డు మీదాపండి. నేను నడిచొత్తాను. ఆ గట్టు నా కళ్లకంటే నా కాళ్లకే బాగా తెలుసు."

ఫోను ఇవ్వాలంటే ముందు ఆవిడని కట్ చేయాలి. ఆ ఎర్ర గుర్తు మీద వేలు పెట్టడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. పెట్టాను. ఓనరు దాన్ని రెండు చేతులతో అందుకుని, చొక్కా అంచుతో తుడిచి, గల్లాపెట్టెలో పెట్టాడు.

"మోగితే ఎత్తుతానండి. అమ్మాయిగారు కాకినాడెళ్లేరని చెప్తాను."

నాలుగు మెత్తటి టైర్లు ఎక్కాయి. కిందకి దించగానే ఆయన అలవాటు కొద్దీ చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టబోయాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నారు. "సోమవారం పెట్టండి. ఇంకా మావి కాదు కదా."

మేం తారురోడ్డు మీద కారు ఆపేసరికి అత్తయ్య గట్టు మీద నడిచి వస్తోంది. కన్ను మూసుకుని, ఒక చెయ్యి అమ్మ భుజం మీద వేసి, గుంటలు వచ్చిన చోటల్లా అమ్మ కంటే ముందే పక్కకి తప్పుకుంటోంది. కారు దగ్గరికి వచ్చి, వంగకుండా మోకాళ్ల మీద కూర్చుని, టైరు తడిమింది. ఎక్కింది.

వెనక సీట్లో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. అమ్మ ముందు కూర్చుంది. నా కుడిచేతి బొటనవేలు ఊరికే చూపుడువేలి మీద జారుతోంది, అక్కడ ఫోను ఉన్నట్టే. అమ్మది మాట్లాడ్డానికే పనికొచ్చే ఫోను, నాన్నదాంట్లో టేపుల మధ్య ఏదీ చదవలేను. పొర ఎంత వేగంగా ఊడుతుందో చూసుకోలేను. ఇలాంటివాళ్లలో ఎంతమందికి చూపు వచ్చిందో చదువుకోలేను. ఇంకెంత దూరమో కూడా తెలీదు. నాన్నని అడిగితే "వెళ్తున్నాం" అన్నారు. చేతులు ఏం చేయాలో తెలీక రెండు అరచేతులూ ఆవిడ తల కింద పెట్టాను. గతుకు వచ్చినప్పుడల్లా కొంచెం పైకి లేపాను. టైర్లు తీసుకోగా మిగిలిన కుదుపు నా చేతుల్లోకి వచ్చేది. ఎదుర్లంక వంతెన మీద అతుకు అతుకుకీ లేపుతూ గోదావరి దాటాను. నది వైపు చూడనే లేదు.

యానాం దగ్గర పెళ్లి ఊరేగింపు రోడ్డంతా నిండిపోయి ఉంది. బ్యాండు, పూలు చుట్టిన కారు, దాని ముందు చిందులు. నాన్న హారన్ కొట్టినా ఎవరికీ వినపడలేదు. అత్తయ్య తలని మెల్లగా సీటు మీద పెట్టి దిగాను. పుట్టినప్పట్నుంచీ నా నోటికి అందరూ పెట్టిన పేర్లన్నీ ఆ రోజు పనికొచ్చాయి. బ్యాండు కంటే గట్టిగా అరిచాను. పెళ్లికొడుకు తండ్రే కాబోలు, కండువా తీసి ఊపుతూ మనుషుల్ని పక్కకి తోశాడు. "ఎల్లండమ్మా, ఎల్లండి!" పూలకారు డ్రైవరు నా వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. పొద్దున నాతో ఆయ్ అన్నది అతనేనేమో నాకు తెలీదు.

మళ్లీ ఎక్కి ఆవిడ తల ఒళ్లోకి తీసుకుంటుంటే కన్ను తెరిచింది.

"నీ మొహం సగమే ఉందే."

"మూసుకో. చూడకు."

"మిగతా సగం కూడా పోయేలోగా ఓసారి చూసుకోనీ," అంది. చూసింది. నేను ఏడుస్తున్న సంగతి ఆవిడకి ఆ సగంలో కనిపించిందో లేదో. తర్వాత తనే మూసుకుంది.

ఆసుపత్రి మెట్ల దగ్గరికి వచ్చేసరికి దీపాలు వెలిగించేశారు. ఆరు అయిందో కాలేదో నేను అడగలేదు. డాక్టరు వెళ్లిపోలేదు. కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు.

"నడిమి అంచు లేవడం మొదలైంది. పూర్తిగా కాదు," అన్నారు. "రేపు అంటిస్తాను. చూపు ఎంత వస్తుందో మాత్రం నన్ను అడక్కండి."

అడగడానికే నోరు తెరిచాను. నాన్న నన్ను పక్కకి లాగారు.

ఆదివారం ఆపరేషన్ అయింది. పొరని గోడకి అదిమి ఉంచడానికి కంట్లో గాలి బుడగ పెట్టారు. అది కదలకుండా బోర్లా పడుకోవాలన్నారు. మంచం అంచు మీద నుదురు ఆనించి నేల వైపు చూస్తూ పడుకున్న అత్తయ్య, "నాకూ గాలి కొట్టేరే. తగ్గితే అమలాపురం తీసుకెళ్లండి, ఆ షాపాయన నింపుతాడు," అంది. నవ్వితే తల కదిలిందని నేను ఆవిడ మీద అరిచాను.

సోమవారం తెల్లారగానే నాన్న టైర్లు కొనడానికి అమలాపురం వెళ్లారు. ఆయన వెళ్లిన కాసేపటికి కట్టు విప్పారు. కిటికీ వైపు కాసేపు చూడొచ్చన్నారు. లేపి కూర్చోబెట్టి, నేను వెనక నుంచి భుజాలు పట్టుకున్నాను. బయట ఎండ. ఆవిడ మెడ వెనక నరం కొట్టుకోవడం నా వేళ్లకి తెలుస్తోంది.

"అంతా నీళ్లు," అంది. "చెరువులో మునిగి పైకి చూసినట్టుంది."

"బుడగ ఉన్నంతకాలం అలాగే ఉంటుందన్నారు."

"ఆ నీళ్లలో ఏదో పొడుగ్గా నిలబడుంది. మసగ్గా ఉంది. మొదలుంది దానికి. మొదలు కనపడతంది." ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చి నా చేతిని వెతుక్కుంది. "కొబ్బరిచెట్టేనా?"

ఎదురుగా ఉన్నది సెల్‌ఫోన్ టవరు. అవునని చెప్పేద్దామనుకున్నాను. పొద్దున నాన్న బయల్దేరేటప్పుడు ఆవిడ, ఇవాళ కొన్నాక ఎరువనకుండా, కొన్నానని ఉన్నదున్నట్టే చెప్పమని ఆయనకి చెప్పి పంపింది.

"టవరు అత్తయ్యా. సెల్ టవరు."

"ఓహో," అంది. కాసేపు దాన్నే చూసింది, తల కొంచెం పక్కకి వంచి, మేత పళ్లెంలో రొయ్యని చూసినట్టు. "మీ నాన్న నీ ఫోను తెచ్చేదాకా ఊరికే నిలబడి ఉంటాది పాపం."